కాలి వేళ్లు వంకరపోతే – ఆపరేషన్, ఆ తరువాత జాగ్రత్తలు



డ్రెస్సింగ్ గదిలో మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, ఈ వేలు తీసేస్తారా?" అని అడుగుతారు. చూస్తే కాలి రెండో వేలు కొంకిలా వంగి ఉంటుంది. పైన కణుపు మీద చెప్పు రాసుకొని ఆనెకాయ కట్టి ఉంటుంది. వేలి కొస నేలకు తగిలి తగిలి పుండు పడి ఉంటుంది. నెలల తరబడి కట్లు కట్టించుకొని, విసిగిపోయి, చివరికి వేలు పోతుందనే భయంతో వస్తారు.

వీరిలో చాలామందికి వేలు తీయనవసరం లేదు. వంగిన వేలిని సరిచేస్తే పుండు మానే అవకాశం బాగా ఉంటుంది. అయితే ఆపరేషన్‌తో వేలు నిటారవుతుంది గాని, పోయిన స్పర్శ తిరిగి రాదు. ఈ ఒక్క విషయం రోగికి, ఇంటివారికి, నర్సుకు బాగా అర్థమైతేనే ఆపరేషన్ ఫలితం నిలుస్తుంది. నర్సింగ్ విద్యార్థినులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ఇంట్లో షుగర్ రోగి గాని కుష్ఠు వ్యాధి నయమైనవారు గాని ఉన్న కుటుంబాలు ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

వేలు ఎందుకు వంగుతుంది?

కాలి బొటనవేలిలో రెండు ఎముకలు, మిగిలిన నాలుగు వేళ్లలో మూడేసి ఎముకలు ఉంటాయి. కాబట్టి చిన్న వేళ్లకు మూడు కీళ్లు ఉంటాయి. వేలు పాదంతో కలిసే చోట ఒకటి, మధ్యలో ఒకటి, గోరు దగ్గర ఒకటి. మధ్య కీలు కిందికి వంగి, కణుపు సుత్తి తలలాగా పైకి లేస్తే దానిని హేమర్ టో అంటారు. గోరు దగ్గరి కీలు మాత్రమే వంగితే మేలెట్ టో. మొదటి కీలు పైకి లేచి, మిగిలిన రెండూ కిందికి వంగి, వేళ్లు పక్షి గోళ్లలా కనిపిస్తే క్లా టో. సాధారణంగా హేమర్ టో ఒకటి రెండు వేళ్లకు వస్తుంది. క్లా టో అయితే అన్ని వేళ్లకూ కలిపి వస్తుంది.

వేళ్లను కదిలించే కండరాలు రెండు రకాలు. పిక్క నుండి పొడవాటి టెండన్లతో దిగివచ్చే పెద్ద కండరాలు ఒక రకం. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు. పాదంలోనే పుట్టి పాదంలోనే ముగిసే చిన్న కండరాలు రెండో రకం. ఈ చిన్న కండరాలే వేలిని నేల మీద చదునుగా ఉంచుతాయి. కాడికి కట్టిన రెండు ఎద్దులలో ఒకటి చతికిలబడితే బండి ఎలా పక్కకు పోతుందో, చిన్న కండరాలు బలహీనపడితే వేలు అలాగే పెద్ద కండరాల లాగుడుకు లోబడి వంగిపోతుంది. మొదట్లో వంగిన వేలు చేతితో నొక్కితే నిటారవుతుంది. సంవత్సరాలు గడిచేకొద్దీ కీలు బిగిసిపోయి ఇక కదలదు.

ఎవరికి వస్తుంది?

ముందు ఇరుకుగా ఉండే బూట్లు, ఎత్తు మడమల చెప్పులు ఏళ్ల తరబడి వేసుకొనేవారికి వస్తుంది. రెండో వేలు బొటనవేలికన్నా పొడవుగా ఉన్నవారికి, బొటనవేలు పక్కకు ఒరిగి రెండో వేలిని నెట్టేవారికి వస్తుంది. కీళ్లవాతం వలన, చిన్నప్పుడు వచ్చిన పోలియో వలన కూడా వస్తుంది.

మన ప్రాంతంలో మేము ఎక్కువగా చూసేవి నరాలు దెబ్బతినడం వలన వచ్చినవి. వాటికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి షుగర్ వ్యాధి. 2023లో ప్రచురించిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. రెండోది కుష్ఠు వ్యాధి. 2005 డిసెంబరు నాటికి ప్రజారోగ్య సమస్యగా దీనిని జాతీయ స్థాయిలో నిర్మూలించామని ప్రకటించినా, వ్యాధి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఏటా సుమారు లక్ష కొత్త కేసులు బయటపడుతున్నాయి.

కుష్ఠు వ్యాధిలో లోపలి చీలమండ వెనుకగా పాదంలోకి దిగే నరం దెబ్బతింటుంది. అరికాలికి స్పర్శ ఇచ్చేదీ, పాదంలోని చిన్న కండరాలను నడిపేదీ ఆ నరమే. అది పాడైతే వేళ్లు వంగడం, అరికాలు మొద్దుబారడం రెండూ కలిసి వస్తాయి. వంగిన వేలి కొస మీద బరువు పడుతుంది, పడినట్టు మనిషికి తెలియదు. పుండు పడేది ఇలాగే.

ఇక్కడ ఒక ముఖ్య హెచ్చరిక. కుష్ఠు రోగికి ఈమధ్యనే, అంటే ఆరు నెలలలోపు, కొత్తగా మొద్దుబారడం గాని వేళ్లు బలహీనపడడం గాని మొదలైతే ఆపరేషన్ మాట తరువాత. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ దశలో ప్రెడ్నిసొలోన్ మాత్రలతో నరం కోలుకొనే అవకాశం ఉంది. ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది.

ఆపరేషన్‌కు ముందు చూడవలసినవి

మొదటిది, కీలు మెత్తగా ఉందా, బిగిసిందా? రోగిని కూర్చోబెట్టి, వేళ్ల మొదట్లో అరికాలి కింద బొటనవేలితో పైకి నొక్కండి. వేలు నిటారైతే కీలు ఇంకా మెత్తగా ఉన్నట్టు. కదలకపోతే బిగిసినట్టు. ఏ ఆపరేషన్ చేయాలో నిర్ణయించడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

రెండోది, స్పర్శ ఉందా? 10 గ్రాముల ఒత్తిడితో వంగే నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి, రోగి కళ్లు మూయించి అడగాలి. దారం లేనిచోట ఒక సులువైన ప్రశ్న ఉంది. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా మీకు తెలియకుండా ముందుకు వెళ్లిపోయారా?" అని అడగండి. అవునంటే ఆ పాదానికి స్పర్శ తగ్గిందని అనుమానించి పంపించండి.

మూడోది, రక్తప్రసరణ. పాదం పైన, లోపలి చీలమండ వెనుక నాడి దొరుకుతోందా చూడాలి. రక్తం సరిగా చేరని వేలికి కత్తి పెడితే గాయం మానదు. పొగాకు వాడేవారు మానాలి. షుగర్ అదుపులోకి రావాలి.

నాలుగోది, కుష్ఠు వ్యాధి ఉన్నవారైతే ఎండీటీ మందుల కోర్సు పూర్తయి ఉండాలి. రియాక్షను, నరాల నొప్పి లేకుండా కనీసం ఆరు నెలలు గడిచి ఉండాలి. చీము పట్టిన పుండు ఉంటే ముందు దానిని మాన్పుకోవాలి.

ఐదోది పుస్తకాల్లో కనబడదు. మెట్టెలు. మన స్త్రీలు రెండో వేలికే మెట్టెలు పెట్టుకొంటారు, వంగేదీ ఎక్కువగా ఆ వేలే. ఆపరేషన్ తరువాత వేలు వాస్తుంది. అప్పుడు మెట్టె ఉంటే బిగుసుకొని రక్తం ఆగిపోతుంది. స్పర్శ లేని వేలైతే కోసుకుపోయినా తెలియదు. మెట్టెలు తీయడం కొందరికి మనసుకు చాలా కష్టం. "తీసెయ్యమ్మా" అని గదమాయించవద్దు. విషయం ముందురోజే వివరించండి. భర్తనో అత్తగారినో పిలిచి వారి ఎదుటే చెప్పండి. తీసినవాటిని వారి చేతికే ఇవ్వండి. వాపు పూర్తిగా తగ్గాక పెట్టుకోవచ్చో లేదో డాక్టరు చెబుతారు. స్పర్శ లేని పాదానికి మాత్రం మళ్లీ పెట్టుకోకపోవడమే మంచిది.

ఆపరేషన్లు ఏ రకాలు?

కీలు మెత్తగా ఉంటే ఎముక జోలికి పోనవసరం లేదు. అతి చిన్న ఆపరేషన్ టెనాటమీ. వేలికి మత్తు ఇచ్చి, అడుగున చిన్న గాటు పెట్టి, వేలిని వంచుతున్న టెండన్‌ను తెంచుతారు. కొన్ని నిమిషాల పని. షుగర్ రోగులలో వంగిన వేలి కొసన పడిన పుండుకు, వేలు మెత్తగా ఉన్నప్పుడు ఈ పద్ధతినే చేయమని షుగర్ పాదాల అంతర్జాతీయ బృందం 2023 మార్గదర్శకాలలో సూచించింది.

రెండోది టెండన్ మార్పిడి. వేలిని కిందికి లాగే పొడవాటి టెండన్‌ను కొసన విడదీసి, వేలి పైభాగానికి తెచ్చి కుడతారు. వేలిని వంచిన టెండనే ఇప్పుడు దానిని నేలకు ఆనించి ఉంచుతుంది. క్లా టో కోసం ఈ పద్ధతిని టేలర్ అనే సర్జన్ 1951లో వివరంగా ప్రచురించారు. కుష్ఠు రోగుల వేళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

కీలు బిగిసిపోతే ఎముకను ముట్టక తప్పదు. మధ్య కీలు దగ్గర ఎముక చివర కొంచెం కోసి వేలిని నిటారు చేస్తారు, లేదా రెండు ఎముకలను ఒకటిగా అతికిస్తారు. అతుక్కొనే వరకు వేలి కొస నుండి ఒక సన్నని ఉక్కు తీగను లోపలికి దింపి ఉంచుతారు. దానిని కె-వైరు అంటారు. సాధారణంగా 4 నుండి 6 వారాలు ఉంచి తీసేస్తారు.

ఈ సందర్భంలో డాక్టర్ పాల్ బ్రాండ్‌ను గుర్తు చేసుకోవాలి. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆయన 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని, వారి మాంసం మానదని అనుకొనేవారు. అది నిజం కాదని, స్పర్శ లేక గాయాలు తెలియకపోవడం వలననే వేళ్లు పోతున్నాయని ఆయన చూపించారు. చేతులకు, కాళ్లకు ఆపరేషన్లు చేయడమే కాక, రోగులకు మెత్తని చెప్పులు తయారు చేయించడానికి కూడా అంతే శ్రమపడ్డారు. కత్తి పని సగమేనని ఆయనకు తెలుసు.

నేను చేసిన పొరపాటు

ఆ మాట నాకు అనుభవంతో తెలిసింది. 1996లో నేను స్టాఫ్ నర్సుగా ఉన్న చోట నలభై ఏళ్ల రైతు కూలీ ఒకాయనకు మూడు వేళ్లకు ఆపరేషన్ చేసి కె-వైర్లు పెట్టారు. కుష్ఠు నయమైన మనిషి. మంచి మాటకారి. రోజూ రాత్రి డ్యూటీలో ఆయన మంచం దగ్గర ఆగి, "నొప్పి వస్తే పిలవండి" అని చెప్పి వెళ్లేదాన్ని. ఐదో రాత్రి ఆయన ఎవరినీ లేపడం ఎందుకని చంకకర్రలు కూడా తీసుకోకుండా కుళాయి దాకా నడిచి వెళ్లి వచ్చారు. మరునాడూ అలాగే వెళ్లారు. కట్టు విప్పేసరికి ఒక తీగ వంగి ఉంది, ఒకటి సగం బయటికి వచ్చి ఉంది, చీము పట్టింది. చివరికి ఒక వేలి కొస తీసేయవలసి వచ్చింది.

"ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. "నొప్పి రాలేదమ్మా, అందుకే చెప్పలేదు" అన్నారు.

తప్పు ఆయనది కాదు. నొప్పి తెలియని మనిషికి నొప్పి వస్తే చెప్పమని చెప్పిన నాది. ఆనాటి నుండి స్పర్శ లేని రోగికి నేను ఆ మాట చెప్పలేదు, నా విద్యార్థినులను చెప్పనివ్వలేదు. దానికి బదులు "ఉదయం, సాయంత్రం మీ వేళ్లు మీరే చూసి, రంగు, వాపు, తడి ఎలా ఉన్నాయో నాకు చెప్పండి" అంటాము. నొప్పి చేయవలసిన పనిని కళ్లకు అప్పగించాలి.

వార్డులో నర్సు చేయవలసినవి

మొదటి 24 గంటలు వేలి కొస రంగును తరచుగా చూడాలి. నొక్కి వదిలితే మళ్లీ ఎరుపు రావాలి. తెల్లగా గాని నల్లగా గాని మారితే కట్టు వదులు చేసి, వెంటనే డాక్టరుకు కబురు చేయాలి. ఏళ్ల తరబడి వంగిన వేలిని ఒక్కసారిగా సాగదీసినప్పుడు రక్తనాళాలు బిగిసిపోవచ్చు. అలాంటప్పుడు తీగను అప్పటికప్పుడు తీసేయవలసి రావచ్చు.

కాలిని గుండెకన్నా ఎత్తులో దిండ్ల మీద ఉంచాలి. తీగ బయటికి వచ్చే చోటును పొడిగా ఉంచాలి. తీగ ఎంత పొడవు బయట ఉందో మొదటి రోజు కొలిచి కేసు షీటులో రాయండి. కట్టు మార్చినప్పుడెల్లా కొలవండి. కొలత మారితే తీగ కదిలినట్టే. కుట్లు సాధారణంగా రెండు వారాలకు తీస్తాము. నడక డాక్టరు చెప్పినప్పుడు, చెప్పినంతే. అడుగు గట్టిగా ఉండే ప్రత్యేక చెప్పు వేసుకొని, మడమ మీదే బరువు వేయాలి.

ఇంటికి పంపేటప్పుడు కుళాయి ఎంత దూరం, మరుగుదొడ్డి ఎక్కడ, నీళ్లు ఎవరు తెచ్చిస్తారు అని అడగండి. నాట్లు ఎప్పుడో, కోతలు ఎప్పుడో అడగండి. ఆరు వారాలు పొలం బురదలో దిగకూడని మనిషికి నాట్ల ముందు ఆపరేషన్ చేస్తే ఫలితం చెడుతుంది, లేదా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. తేదీ నిర్ణయించేటప్పుడే ఇవి మాట్లాడుకోవాలి.

ఫలితాలు ఎలా ఉంటాయి?

బిగిసిన హేమర్ టోకు ఎముక ఆపరేషన్ చేయించుకొన్న 63 మంది రోగుల 118 వేళ్లను పరిశీలించి అమెరికా సర్జన్ కాఫ్లిన్, ఆయన సహచరులు 2000లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో 84 శాతం మంది ఫలితంతో సంతృప్తి చెందారు. మంచి ఫలితమే. కాని నొప్పి తగ్గడం, వేలు అందంగా ఉండడం వంటివి చూసి చెప్పే సంతృప్తిని స్పర్శ లేని పాదానికి కొలతగా వాడలేము. నొప్పే లేని మనిషికి నొప్పి తగ్గిందా అని అడిగి ఏం లాభం? మేము చూసే కొలతలు మూడు. వేలి కొస నేలకు కొట్టుకోకుండా ఉందా? పాత పుండు మళ్లీ తిరగబెట్టిందా? మామూలు వెడల్పు చెప్పులో కాలు పడుతోందా?

రోగికి ముందే నిజం చెప్పాలి. వాపు కొన్ని నెలలు ఉంటుంది. అతికించిన కీలు ఇక వంగదు. టెండన్ తెంచిన వేలు గట్టిగా నేలను పట్టదు. వేలు కొంచెం పొట్టిగా గాని, కొంచెం పైకి లేచినట్టు గాని ఉండవచ్చు. కొందరిలో చీము పట్టవచ్చు, తీగ విరగవచ్చు, కొన్నేళ్లకు వేలు మళ్లీ వంగవచ్చు. ఒక వేలి భారం తగ్గితే పక్క వేలి మీద పడవచ్చు.

ఈ చివరి మాటకు ఒక ఉదాహరణ. షుగర్ ఉన్న 48 ఏళ్ల తల్లి ఒకామె రెండో వేలి కొసన ఎనిమిది నెలలుగా మానని పుండుతో వచ్చారు. బ్లేడుతో ఆనెకాయ కోసుకోవడం, పసుపు, సున్నం పెట్టడం అన్నీ అయ్యాయి. ఎక్స్‌రేలో ఎముకకు చీము పట్టలేదు. వేలు మెత్తగానే ఉంది. టెనాటమీ చేశారు. నాలుగు వారాలలో పుండు మానింది. ఇంటివారు సంతోషించారు. కాని మేము ఆమె కోడలిని కూర్చోబెట్టి, రోజూ అత్తగారి పాదం చూడడం నేర్పించి పంపాము. ఐదు నెలల తరువాత ఆ అమ్మాయే ఫోను చేసింది. "సిస్టరుగారూ, పక్క వేలి కొసన గట్టిగా, ఎర్రగా ఉంది. పుండు మాత్రం లేదు" అంది. వెంటనే రమ్మన్నాము. పుండు పడకముందే ఆ వేలికి కూడా అదే ఆపరేషన్ చేశారు. ఆమెకు ఐదు వేళ్లూ ఉన్నాయి. ఆ ఘనతలో సగం కోడలిది.

ఇంట్లో ప్రతిరోజూ పాటించవలసినవి

1. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే చేతి అద్దం వాడండి. చూపు తగ్గినవారికి ఇంటివారు చూడాలి.

2. స్పర్శ లేని పాదానికి మామూలు హవాయి చెప్పు పనికిరాదు. అది జారిపోకుండా వేళ్లు మరింత వంగి పట్టుకొంటాయి. మెత్తని ఎంసీఆర్ అట్ట, గట్టి అడుగు, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పు వాడండి. వేసుకొనే ముందు లోపల చెయ్యి పెట్టి, రాయి, మేకు ఉన్నాయేమో చూడండి.

3. ఆరాధనకు గాని, పెళ్లికి గాని వెళ్లినప్పుడు చెప్పులు బయట విడిచి ఎండకు కాలిన నేల మీద నడవవద్దు. నీడలో విడవండి, లేదా శుభ్రమైన చెప్పులు విడిగా ఉంచుకోండి.

4. కుష్ఠు వలన చెమట పట్టక పొడిబారిన పాదాలను, గాయం గాని తీగ గాని లేనప్పుడు, రోజూ 20 నిమిషాలు చల్లని నీళ్లలో నానబెట్టి, గరుకు రాయితో గట్టి చర్మాన్ని మెల్లగా రుద్ది, కొబ్బరినూనె రాయండి. షుగర్ రోగులు నానబెట్టకూడదు. కడిగి, వేళ్ల సందులలో తడి లేకుండా తుడవాలి.

5. ఆనెకాయను బ్లేడుతో కోయవద్దు. ఆనెకాయ మందు పట్టీలు అంటించవద్దు.

6. రాత్రిళ్లు ఎలుకలు కొరికే ఇళ్లలో స్పర్శ లేనివారు దోమతెర కట్టుకొని, దాని అంచులు పరుపు కింద దోపుకొని పడుకోవాలి.

7. ఎరుపు, వాపు, వేడి, తడి, దుర్వాసన వీటిలో ఏ ఒక్కటి కనబడినా నొప్పి కోసం ఎదురుచూడకుండా అదేరోజు రండి.

విద్యార్థినులకు ప్రశ్నలు

1. వంగిన వేలు మెత్తగా ఉందో, బిగిసిందో ఎలా పరీక్షిస్తారు?
2. కె-వైరు పొడవును ఎందుకు కొలిచి రాయాలి?
3. స్పర్శ లేని రోగికి "నొప్పి వస్తే పిలవండి" అని ఎందుకు చెప్పకూడదు? దానికి బదులు ఏమి చెబుతారు?

మూడో ప్రశ్నకు జవాబు నేను ఒక మనిషి వేలి కొస పోయాక నేర్చుకొన్నాను. మీరు ఈ పాఠం చదివి నేర్చుకోండి. ఈ రాత్రికే మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారి పాదాలు ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి.